లిఫ్టులో శిఖండి

మా అమ్మ తెనాలి నుంచి సింగపూర్ వచ్చిన మూడో రోజుకే మా బ్లాకు జనానికి నామకరణాలు పూర్తి చేసేసింది. పొద్దున్నే కాఫీ తాగి కింద వాయిడ్ డెక్‌లోకి, అంటే బ్లాకు అడుగున వదిలిన ఖాళీ చోటులోకి, దిగుతుంది. అక్కడ చదరంగం గళ్ళు వేసిన రాతి బల్ల ఒకటుంది, దాని పక్కన పీట మీద ఆవిడ మకాం. ఎదుటి బెంచీ మీద చైనీస్ పేపరు మొహాన కప్పుకుని పడుకునే తాతగారు కుంభకర్ణుడు. పది కేసుల మంచినీళ్ళ సీసాలు ఒక్క ట్రాలీ మీద తోసుకొచ్చే డెలివరీ కుర్రాడు ఘటోత్కచుడు. లిఫ్టు కాస్త ఆలస్యమైతే బటన్ని గుద్దే ఏడో అంతస్తాయన దుర్వాసుడు. పై అంతస్తు సంగతులు కిందికీ, కింది సంగతులు పైకీ మోసే ఒకావిడ, ఆడమనిషైతేనేం, నారదుడు.

ఇవన్నీ అమ్మ గొంతు తగ్గించి అనదు. "వాళ్ళకేమన్నా తెలుగొచ్చా ఏంటే?" అని ధీమా. రెండో అంతస్తులో తమిళావిడ ఉందనీ, నారదుడంటే ఆవిడకి ఇట్టే తెలిసిపోతుందనీ హెచ్చరించాను. "మంచిదేగా, ఆవిడా నవ్వుకుంటుంది" అంది. నిజంగానే నవ్వింది ఆవిడ, నేను చూశాను.

మేముండే టాంపినీస్ అన్నది అసలు ఒక చెట్టు పేరు. మలయ్‌లో తెంపినిస్ అంటారు, కలప చాలా గట్టిది. ఇప్పుడు ఇక్కడ ఆ చెట్లని వెతుక్కోవాలి, బ్లాకుల్ని వెతుక్కోనక్కర్లేదు. ఏ బ్లాకులోనైనా చైనీయులు ఇంతమంది, మలయ్‌లు ఇంతమంది, భారతీయులూ మిగతావాళ్ళూ ఇంతమంది దాటకూడదని 1989లో ప్రభుత్వం లెక్క పెట్టింది. ఆ లెక్క పుణ్యమా అని రకరకాల కథల్లో పుట్టిపెరిగిన వాళ్ళం ఒకే లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతుంటాం. తలుచుకున్న మనిషి అప్పుడే ఎదురైతే చైనీయులు మూడు రాజ్యాల కాలపు జిత్తులమారి త్సావ్ త్సావ్‌ని గుర్తుచేసుకుంటారు, వాడి మాటెత్తితే వాడే వచ్చాడని. ఇంగ్లీషువాళ్ళు సైతానుని తలుస్తారు. మనం నూరేళ్ళాయుష్షు అంటాం. ఈ మూడూ చెబితే అమ్మ తేల్చేసింది: దీవించింది మనమొక్కళ్ళమే.

ఒక ఆదివారం పెరుమాళ్ గుడికని బయల్దేరాం. రైలెక్కబోతే తలుపు మధ్యలో ఒకతను ఫోన్ చూసుకుంటూ నిలబడిపోయాడు. లోపల బోలెడు చోటుంది. "సైంధవుడిలా అడ్డం నిలబడ్డాడు చూడు" అంది అమ్మ. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. "సైంధవుడెవరు అమ్మమ్మా?" అంది.

టాంపినీస్‌లో మొదలైంది కథ. సైంధవుడు అడ్డుకున్నది పద్మవ్యూహం ద్వారం. పద్మవ్యూహం ఎవరు పన్నారు? ద్రోణుడు. అభిమన్యుడికి లోపలికెళ్ళడం తెలిసి బయటికి రావడం ఎందుకు తెలీదు? అది వేరే కథ, తర్వాత చెబుతా. నలుగురు పాండవుల్ని ఒక్కడు ఎలా ఆపాడు? శివుడి వరం, అర్జునుడు లేని రోజు ఒక్కటే పనిచేసే వరం. శివుడు ఎందుకిచ్చాడు? అంతకుముందు ద్రౌపదిని ఎత్తుకుపోబోయి, భీముడి చేత తన్నులు తిని, అయిదు పిలకల గుండు కొట్టించుకుని, ఆ అవమానంతో తపస్సు చేశాడు కనక. సిమెయ్ దాటింది, తనా మేరా దాటింది, బెడోక్ దాటింది. తలుపు దగ్గరి మనిషి పాయా లేబార్‌లో దిగిపోయాడు. "ఆయన వెళ్ళిపోయాడు అమ్మమ్మా, ఇంక చెప్పక్కర్లేదు" అంది మనవరాలు.

నాకైతే ఆ ఒక్క మాటతో ద్వారం, గద, పిలకలు అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. శ్రీరామనవమి పందిళ్ళలో, హరికథల్లో, 1957 నాటి మాయాబజార్‌ని టీవీలో పదిహేనోసారి చూస్తూ నిద్రపోయిన మధ్యాహ్నాల్లో వంటపట్టింది. కథలోని పేరుతో మనిషిని పిలవడం చాలా పొదుపైన వ్యవహారం, కాకపోతే ఇద్దరూ ఆ కథకి ముందే మూల్యం చెల్లించి ఉండాలి. మా అమ్మాయి బళ్ళో ఇంగ్లీషుకి తోడుగా తీసుకోగలిగే భారతీయ భాషల్లో తమిళం ఉంది. అది కాకపోతే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. తను హిందీ తీసుకుంది. కాబట్టి మా సైంధవుడు ఇంటి దగ్గర రాకపోతే ఇంకెక్కడా రాడు.

ఇంకో సంగతి. తెలుగులో మనం ఊరికే పేరు పెట్టి వదలం, ఆ మనిషి చేసిన ఒక్క పనిని ఒడిసిపట్టుకుంటాం. ధృతరాష్ట్రుడిది కౌగిలి. శల్యుడిది సారథ్యం. ఉత్తరకుమారుడివి ప్రగల్భాలు. కబంధుడివి హస్తాలు. భగీరథుడిది ప్రయత్నం, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి గోదావరి జనం ఇచ్చిన బిరుదు కూడా ఆయనదే. మనిషి మనిషంతా అక్కర్లేదు మనకి, ఒక చెయ్యో ఒక మాటో చాలు. మిగతాది కోసి అవతల పారేస్తాం.

ఈ కోసి పారెయ్యడం గురించి ఆలోచించడం నేను మొదలుపెట్టింది ఛాంగి బిజినెస్ పార్కులో, ఆఫీసు భోజనం దగ్గర. బిల్లు పంచుకునేటప్పుడు పైసలతో సహా లెక్కగట్టిన ఒకాయన్ని ఇంకొకావిడ నవ్వుతూనే స్క్రూజ్ అంది. డికెన్స్ 1843లో రాసిన ఆ క్రిస్మస్ కథ నేను కాలేజీలో చదివాను. కథంతా ఆ పిసినారి మారడం గురించే. ఒక్క రాత్రిలో మూడు ఆత్మలొచ్చి కళ్ళు తెరిపిస్తాయి, తెల్లారేసరికి గుమాస్తా ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపిస్తాడు. అయినా పేరు మాత్రం మారక ముందటి మనిషి దగ్గరే ఆగిపోయింది. దానధర్మాలు చేసేవాణ్ణి ఎవరూ స్క్రూజ్ అనరు. పాపం, అంత కష్టపడి మారి ఏం లాభం?

అలా చూస్తే అందరిదీ అదే గతి. ప్రియురాలు చనిపోయిందనుకుని విషం తాగిన కుర్రాడి పేరు మన ఊళ్ళలో ఆడపిల్లల కాలేజీ గేటు ముందు బైకాపుకుని నిలబడే వెధవలకి దక్కింది. ఫ్రాంకెన్‌స్టయిన్ అంటే 1818 నాటి నవలలో భూతాన్ని తయారుచేసిన వాడు. జనం భూతాన్నే ఆ పేరుతో పిలుస్తారు. మన కట్టప్పనే చూడండి. 2015లో బాహుబలి వచ్చింది మొదలు ఆఫీసుల్లో వెన్నుపోటు పొడిచే ప్రతివాడూ కట్టప్పే. నిజానికి సినిమాలో అతను సింహాసనానికిచ్చిన మాటకి కట్టుబడి, ప్రాణంలా చూసుకున్నవాణ్ణి ఏడుస్తూ పొడిచాడు. రెండో భాగం 2017లో వచ్చి కారణమంతా విప్పి చెప్పినా అతనికి ఒరిగింది లేదు.

సూర్యకాంతం గారిది ఇంకా అన్యాయం. ఆవిడ విషయంలో పాత్ర పేరు కాదు, నటి సొంత పేరే గయ్యాళికి మారుపేరైంది. 1962లో గుండమ్మ కథ అంతగా ఆడినా గయ్యాళత్తని జనం గుండమ్మ అనరు, సూర్యకాంతమే అంటారు. అంత అందమైన పేరు ఆడపిల్లకి పెట్టుకోవడానికి తెలుగు తల్లిదండ్రులు జంకారంటే ఆవిడ నటన ఎంత గొప్పదో, మన కృతజ్ఞత ఎంత చిన్నదో తెలుస్తుంది.

తెలుగువాళ్ళం ఇక్కడ ఈ పేర్లని రహస్య లిపిలా వాడుకుంటామని ఒప్పుకోవాలి. మీటింగులో పది పెద్ద మాటలు దొర్లించి ఒక్క పనీ చెయ్యని కొత్త మేనేజరు రాగానే మా బల్ల దగ్గర గిరీశం అన్న మాట గుసగుసగా తిరుగుతుంది. గురజాడ కన్యాశుల్కం తొలిసారి ఆడి 130 ఏళ్ళు దాటినా ఇంగ్లీషు ముక్కలతో పబ్బం గడుపుకునేవాడికి ఇంతకంటే సరిపోయే పేరు పుట్టలేదు. నన్ను మొదట్లో మా బావగారు బారిష్టర్ పార్వతీశం అనేవారు. ఛాంగి విమానాశ్రయంలో దిగినప్పుడు నా చేతిలో ఇడ్లీ పాత్ర, చంకలో చింతపండు మూట ఉన్నాయి లెండి. మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం కంటే నేను మెరుగని వాదించే స్థితిలో లేను.

ఇక్కడి వాళ్ళకీ వాళ్ళ గిరీశం ఉన్నాడని తెలిసింది వంటగది బాగు చేయించినప్పుడు. రెండు వారాలన్న పని ఏడు వారాలైంది. కాంట్రాక్టరు రోజూ ఏదో ఒక కొత్త కారణంతో, పాత నవ్వుతో వచ్చేవాడు. పక్కింటి అంకుల్ లిఫ్టులో కలిసి, "మీ ఫువా చూ కాంగ్ వచ్చాడా ఇవాళ?" అని అడిగాడు. అది ఆ కాంట్రాక్టరు పేరనుకున్నాను. మర్నాడు, "మిస్టర్ ఫువా, టైల్స్ ఎప్పుడు?" అన్నాను ఎంతో మర్యాదగా. అతను కాసేపు నన్ను చూసి, చేతిలో తాపీ కింద పెట్టి, గోడకి ఆనుకుని మరీ నవ్వాడు.

ఫువా చూ కాంగ్ 1997లో మొదలైన టీవీ హాస్య సీరియల్‌లోని కాంట్రాక్టరు. ఉంగరాల జుట్టు, బుగ్గ మీద పుట్టుమచ్చ, పసుపుపచ్చ రబ్బరు బూట్లు, నోరు తెరిస్తే అచ్చమైన సింగ్లీష్. దేశమంతా అతని మాటలే వల్లిస్తుంటే 1999 జాతీయ దినోత్సవ ప్రసంగంలో ప్రధాని గో చోక్ టాంగ్ అతని పేరెత్తి, పిల్లలు ఆ ఇంగ్లీషుని అనుకరిస్తున్నారని బాధపడ్డారు, పాత్రని ఇంగ్లీషు క్లాసులకి పంపించమన్నారు. మరుసటి ఏడాది మంచి ఇంగ్లీషు మాట్లాడండనే ఉద్యమమే మొదలైంది. ఒక దేశ ప్రధాని లేని మనిషిని మందలించడం నేనెక్కడా వినలేదు. అంత అచ్చమైన చైనీస్ కాంట్రాక్టరుగా నటించిన గుర్మీత్ సింగ్ తండ్రి వైపు నుంచి పంజాబీ. అది తెలిశాక పక్కింటి అంకుల్‌ని, "మీ ఫువా మావాడేనట కదా" అని ఏడిపించాను. "సగమే" అన్నాడాయన, భాగం పంచుతున్నట్టు.

తెలియని కథలోని పేరు మన మీదే పడితే ఎలా ఉంటుందో కూడా రుచి చూశాను. మా అమ్మాయి స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ నన్ను అంబ్రిడ్జ్ అంది. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. అడిగితే పరువు తక్కువ. అవర్ టాంపినీస్ హబ్‌లో లైబ్రరీ ఉంది. అక్కడికెళ్ళి హ్యారీ పాటర్ అయిదో పుస్తకం తెచ్చుకున్నాను, ఇటుకంత లావుంది. మూడు వారాలు రాత్రిపూట దొంగతనంగా చదివాను. అంబ్రిడ్జ్ గులాబీరంగు స్వెట్టరు వేసుకుని, పిల్లికూనల బొమ్మల పళ్ళేలు గోడకి తగిలించుకుని, తీయటి గొంతుతో బడి పిల్లల ప్రాణాలు తోడే అధికారిణి. ఆవిడ రోజుకో నిషేధం రాసి గోడకెక్కిస్తుంటుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు చూశాను. స్క్రీన్ టైమ్ చార్టు, ట్యూషన్ టైమ్ టేబులు, పది గంటలకి దీపాలార్పాలన్న కాగితం, దాని కింద ఎర్ర సిరాతో నా సంతకం. గులాబీరంగు స్వెట్టరు లేదన్న మాటే గానీ. అందులో రెండు కాగితాలు పీకేశాను. మూడోది ఇప్పటికీ ఉంది, అది న్యాయమైనదే.

అసలు గొడవ మార్చిలో జరిగింది. మా అమ్మాయి నెట్‌బాల్ పోటీ ఆడి, మోచేతికి కట్టుతో, మోకాలి మీద చీరుకుపోయిన గాటుతో, చెమటలు కక్కుతూ లిఫ్టెక్కింది. అమ్మా నేనూ తనతోనే ఉన్నాం. తొమ్మిదో అంతస్తు మాక్‌చిక్ కూరగాయల సంచీతో ఎక్కింది. మాక్‌చిక్ అంటే మలయ్‌లో పిన్నిలాంటి మాట, మేమందరం ఆవిడని అలాగే పిలుస్తాం. దెబ్బలు చూసి, గెలిచారా అని అడిగి, గెలిచామనగానే పిల్ల భుజం తట్టి, మొహం విప్పారి, "వా, శ్రీకండి!" అంది.

అమ్మ మొహం మాడిపోయింది. "ఏంటే? ఏమంది? ఎవర్ని శిఖండి అంటోంది?"

"ఏమీ లేదమ్మా, మెచ్చుకుంటోంది."

"మెచ్చుకుంటే శిఖండి అంటారా? నాకు చెవుడనుకున్నావా?"

మాక్‌చిక్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అమ్మ నోట ఆ పేరు రెండుసార్లు వినేసరికి, మీకూ తెలుసా ఆవిడ అని సంబరపడి మళ్ళీ అంది, ఈసారి బొటనవేలెత్తి మరీ. లిఫ్టు తొమ్మిదో అంతస్తులో ఆగింది. ఎవరం దిగలేదు. తలుపులు రెండుసార్లు మూసుకోబోయి తెరుచుకున్నాయి. దుర్వాసుడు కింద బటన్ గుద్దుతూ ఉండి ఉంటాడు.

మన భారతంలో శిఖండి అంబ పునర్జన్మ. ద్రుపదుడికి ఆడపిల్లగా పుట్టి, స్థూణాకర్ణుడనే యక్షుడి దగ్గర మగతనం మార్చుకున్నాడు. పదో రోజు యుద్ధంలో ముందు నిలబడితే భీష్ముడు విల్లు దించాడు, వెనక నుంచి అర్జునుడు బాణాలు వేశాడు. అందులోంచి తెలుగు నోటికి మిగిలింది తిట్టొకటే. అడ్డుపెట్టుకోవడానికి పనికొచ్చే మనిషని ఒక అర్థం. రెండోది ఇంకా నీచం. మా క్లాసులో నడక కాస్త మెత్తగా ఉండే అబ్బాయొకడు ఉండేవాడు. వాడు ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాడు. వాడి అసలు పేరు నాకు గుర్తుకు రావడం లేదు, మేం పిలిచిన పేరే గుర్తుంది.

జావా దీవిలో కథ వేరే దారి పట్టింది. అక్కడి తోలుబొమ్మలాటలో శ్రీకండి స్త్రీయే, చివరిదాకా స్త్రీయే. అర్జునుడి దగ్గర విలువిద్య నేర్చుకుని అతన్నే పెళ్ళాడుతుంది. ఎవరి ముందూ ఎవరి చాటునా నిలబడదు, భీష్ముడి మీద బాణం తనే వేస్తుంది. ఇండోనేషియాలో, మలయ్ మాట్లాడే చోట్లా శ్రీకండి అంటే వీరనారి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇండోనేషియాకి మొట్టమొదటి పతకం తెచ్చింది ముగ్గురమ్మాయిల విలువిద్య జట్టు. వాళ్ళ మీద 2016లో తీసిన సినిమా పేరు ముగ్గురు శ్రీకండిలు. అంబ విల్లు అక్కడ మిగిలింది. మనకి చీదరింపు మిగిలింది.

మాక్‌చిక్ నాన్న జావా నుంచి వచ్చినవాడు. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, పాండాన్ ఆకు వేసిన కేకు ముక్కల డబ్బా బల్ల మీద పెట్టి, తన చిన్నప్పుడు విన్న కథలు చెప్పింది. నేను మధ్యలో తెలుగు చేస్తూ కూర్చున్నాను. అమ్మ మొదట బిగుసుకునే ఉంది. కుంభకర్ణుడి మాట వచ్చేసరికి ముందుకి జరిగింది. జావాలో ఆయన నిద్రకి పేరు కాదు. రావణుడు చేసింది తప్పని మొహం మీద చెప్పి, అయినా లంక మీదికి సైన్యం వచ్చినప్పుడు దేశం కోసం లేచి చచ్చినవాడు. పందొమ్మిదో శతాబ్దంలో సోలో నగరంలో ఒక సంస్థానాన్నేలిన నాలుగో మంకునెగరా అనే ప్రభువు, సైనికులు ఆదర్శంగా పెట్టుకోవాలని ముగ్గురు వీరుల మీద పద్యాలు రాస్తే వారిలో కుంభకర్ణుడొకడు, మన కర్ణుడొకడు. ఆ పద్యాల సంగతి తర్వాత నేను చదివి తెలుసుకున్నది.

"అది మన రామాయణంలోనూ ఉంది" అంది అమ్మ, కేకు ముక్క చేతిలోనే పట్టుకుని. "అన్నకి గడ్డి పెడతాడు, నిద్రలేవగానే. పెట్టాకే యుద్ధానికెళ్తాడు." కాస్త ఆగి, "తెలుసు నాకు. ఎప్పుడూ ఆ ముక్క వాడలేదంతే" అంది.

పేపరు కప్పుకుని పడుకునే తాతగారు ఎక్కడో కాండోలో రాత్రి కాపలా డ్యూటీ చేస్తాడని కూడా మాక్‌చిక్కే చెప్పింది. ఇంట్లో మనవలు గోల చేస్తారని కింద బెంచీ మీద కునుకు తీస్తాడట. అమ్మ పేరు మార్చలేదు. మర్నాటి నుంచి ఆయన కుంభకర్ణుడుగారయ్యారు, ఆయన పడుకున్నంతసేపూ నారదుడితో సైతం గొంతు తగ్గించి మాట్లాడేది. ఇద్దరికీ ఏ భాషలో మాటలు సాగేవో నాకిప్పటికీ అంతుపట్టదు.

అమ్మ వెళ్ళిపోయి రెండు నెలలైంది. మొన్న రాత్రి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. మా అమ్మాయి ఎక్కడుందని అడిగింది, ప్రాక్టీసుకి వెళ్ళిందన్నాను. "నా శిఖండి రాగానే ఫోన్ చెయ్యమను" అంది. వెనకాల ఎవరిదో గొంతు వినిపించింది, పక్కింటి రమణమ్మత్తయ్యదిలా ఉంది. "అదేం మాటండీ వదినగారూ, బంగారంలాంటి పిల్లని పట్టుకుని?"

అమ్మ ఫోను తీసి మంచం మీద బోర్లా పెట్టింది. తెర నల్లబడింది గానీ కాల్ కట్ కాలేదు. "మీకు సగం కథే తెలుసు. ఇలా వచ్చి కూర్చోండి, ఈ కాయలు పట్టుకోండి" అనడం వినిపించింది. తర్వాత అంబ దగ్గర మొదలుపెట్టింది. ఇక్కడ కుక్కర్ మూడో కూత వేసింది, నేను స్టవ్ కట్టేసి మళ్ళీ ఫోను దగ్గరికొచ్చేసరికి ఇంకా కాశీరాజు కూతుళ్ళ స్వయంవరంలోనే ఉంది.